ఉన్నత క్రమ పరస్పర చర్యలు
విస్తృతి విశ్లేషణ (అనోవా)లో మూడు, అంతకు మించిన కారకాలు కలిసి చూపే ప్రభావం. వరి రకం, నత్రజని మోతాదు, నీటి తడుల మధ్య ఇది ఉందంటే, నత్రజనికి వేర్వేరు రకాలు స్పందించడంలోని తేడా తడులను బట్టి మారుతోందన్నమాట. అప్పుడు నత్రజని సగటు ప్రభావం ఒక్కటే చెబితే రైతుకు ఒరిగేది తక్కువ. ఒక్కో తడి స్థాయిలో ఫలితాలను విడిగా చదవాలి. దిగుబడిని లాగరిథంలోకి మారిస్తే కొన్ని పరస్పర చర్యలు మాయమవుతాయి. అవి కొలమానం పుట్టించినవే.

రెండేసి స్థాయిల ఐదు కారకాలకు 32 మేళవింపులు. వాటి 31 ప్రభావాల్లో 16 ఉన్నత క్రమ పరస్పర చర్యలే. అవి స్వల్పమనుకుంటే ప్రయోగాన్ని కుదించవచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1947లో వివరించిన ఆర్థోగనల్ అర్రేలు ఇందుకు పనికొస్తాయి. ఆ ఊహ తప్పితే మాత్రం ప్రధాన ప్రభావాల అంచనాలే కలుషితం కావచ్చు.