గూడబాతు దక్కింది, కొల్లేరు సంగతి?

గూడబాతుకు ఆ పేరు పెట్టినవాడు రైతే అయ్యుండాలి. మోటార్లు రాకముందు ఇద్దరు మనుషులు చెరో పక్కన నిలబడి, తాళ్లు కట్టిన బుట్టను బోదెలోకి ముంచి, ఊపున పైకెత్తి చేలోకి నీళ్లు పోసేవారు. ఆ బుట్టే గూడ. ముక్కు కింద సంచి వేలాడదీసుకుని నీళ్లతో సహా చేపను తోడుకునే పక్షిని చూస్తే ఆ రైతుకు ఇంకేం గుర్తొస్తుంది? సంచిలోని నీళ్లు కార్చేసి చేపను మింగుతుంది. పిల్లకు ఆకలేస్తే తల్లి నోట్లోకి తలంతా దూర్చి మేత తీసుకుంటుంది. దూరం నుంచి చూసేవాళ్లకు తల్లి పిల్లను మింగేస్తోందనిపిస్తుంది.

గుడివాడ నుంచి కైకలూరు దారి పట్టి, ఆ ఊరు దాటీ దాటకముందే ఆటపాక వస్తుంది. అక్కడి చెరువులో అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద ఈ పక్షులు బారులు తీరి గూళ్లు కడతాయి. పడవెక్కి దగ్గరికి వెళ్లి చూడొచ్చు. ముందు పట్టేది కంపు, తర్వాత కనిపించేది పక్షి. చెట్టు మీద ఉండాల్సిన గూడు ఇనుప చట్రం మీదికి ఎలా ఎక్కిందో తెలియాలంటే నూట డెబ్బై ఏళ్లు వెనక్కి పోవాలి.

కృష్ణా గోదావరుల డెల్టాల మధ్య మిగిలిపోయిన పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి అందులో పడతాయి. సముద్రానికి పోయే దారి మాత్రం ఒక్కటే, అరవై కిలోమీటర్ల పొడవున వంకర్లు తిరిగే ఉప్పుటేరు. వానాకాలంలో సరస్సు పొంగేది, ఎండాకాలంలో కుంచించుకుపోయేది. లంకల్లోని వడ్డీ కులం జాలర్లు నీళ్లున్నన్నాళ్లూ కొరమేను, మట్టగిడస, జెల్ల పట్టుకునేవారు, నీళ్లు తీశాక ఆ నేలలోనే వరి వేసుకునేవారు. అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ నవలకు ప్రాణం ఆ బతుకే.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. డెల్టా పచ్చబడింది. చేలు తడిపిన నీరు చివరికి ఎక్కడికో దిగాలి కదా, పల్లం చూసుకుని కొల్లేటికి దిగింది. అప్పటినుంచి ఇంజనీర్ల కంటికి కొల్లేరు ఒక మురుగు సమస్య. 1964 వరదల తర్వాత వేసిన మిత్రా కమిటీ చూసిందీ ఆ ముంపునే, ఉప్పుటేరు ఎంత నీరు లాగుతుందన్నదే. పక్షి ఊసు అందులో ఎందుకుంటుంది?

పక్షి ఊసెత్తింది ఓ మలయాళీ. ఆ కమిటీకి చాలా ముందే, 1946లో కె.కె. నీలకంఠన్ కొల్లేటి ప్రాంతంలోని ఆరేడు అనే ఊరి దగ్గర గూడబాతుల కాలనీ ఒకటి కనిపెట్టాడు. అప్పటికి అక్కడ గూళ్లు పెడుతున్న పక్షులు దాదాపు 3,000. ఊళ్లోవాళ్లకు అది కొత్త సంగతేమీ కాదు, లోకానికి కొత్త. 1975 నాటికి ఆ కాలనీ మాయమైంది.  నాకు ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించే భాగం ఇదే. చేపల చెరువుల తవ్వకాల గోల ముదరకముందే పక్షి వెళ్లిపోయింది.

గోల ఆ తర్వాత ముదిరింది. 1970ల రెండో సగంలో మత్స్యకారుల సహకార సంఘాలకు చేపల చెరువులు ఇచ్చారు. ఉద్దేశం మంచిదే. కానీ చెరువుకు గట్టు కావాలి, గట్టుకు పెట్టుబడి కావాలి, పెట్టుబడి ఉన్నవాడు లీజుకొచ్చాడు. ఎనభై, తొంభైల్లో బొచ్చె, శీలావతి లారీలకెక్కి కలకత్తా పోతుంటే సరస్సు గళ్లుగళ్లుగా చీలిపోయింది. బెజవాడ, ఏలూరు, గుడివాడ మురుగు వచ్చి చేరింది. మిగిలిన నీటిని గుర్రపుడెక్క కప్పేసింది.

ఇక కాగితాల వరస కొల్లేటి చాంతాడే. 1999 అక్టోబరు 4న జీవో 120తో ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2002 ఆగస్టులో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. అక్కడ లెక్క 901 చదరపు కిలోమీటర్లు. 2005-06లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో గట్లకు పేలుడు పదార్థాలు పెట్టారు, పొక్లెయిన్లు దింపారు, సుప్రీంకోర్టూ కల్పించుకుంది. కొన్నాళ్లకు అదే పొక్లెయిన్ అదే గట్టును మళ్లీ లేపింది. 2008లో సరిహద్దును మూడో కాంటూరుకు దించమని శాసనసభ తీర్మానించింది, కేంద్రం వేసిన అజీజ్ కమిటీ 2011లో కూడదంది. ఐదో కాంటూరు లోపల జిరాయితీ ఉన్న చిన్నరైతు గోడు అబద్ధం కాదు. కానీ ఆ గోడును ముందు నిలబెట్టి, వెనక వందల ఎకరాల చెరువులు దాచుకున్నవాళ్లున్నారన్నదీ అబద్ధం కాదు.

ఇంత రగడలో గూడబాతు తిరిగొచ్చింది. కొల్లేరు బాగుపడి కాదు. ఆటపాకలో గూటికి స్టాండు దొరికింది, చుట్టూ మేతకు చెరువుల నిండా చేప దొరికింది. సరస్సును మింగిన చెరువులే పక్షిని మేపుతున్నాయి, రైతేమో తన చెరువు మీద వాలకుండా బాణసంచా కాలుస్తున్నాడు. గుంటూరు పక్కన ఉప్పలపాడు ఊరచెరువులోనూ ఇలాగే చెట్లతో పాటు స్టాండ్లు పెడితే పక్షులు ఒప్పుకున్నాయి. ఒక జాతిని నిలబెట్టడానికి ఇది చాలు. నత్తగొట్టు కొంగకో, చలికాలం వచ్చిపోయే ఉల్లంకి పిట్టకో మాత్రం స్టాండు చాలదు. వాటికి కావలసింది నీళ్లు తీశాక బయటపడే బురద నేల.

అలాంటి బురద విలువ దివిసీమకు ఇంకో రకంగా తెలిసింది. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత, తీరం బురదలో పెరిగే మడ అడవి అంటే ఏమిటో ఎవరికీ వివరించాల్సిన పని లేకపోయింది. 1864లో అలాంటి ఉప్పెనే బందరును ముంచింది గానీ, ఆ పాఠం రేవుతో పాటే మరుగున పడింది. 1989లో నాగాయలంక, సొర్లగొంది వైపు మడలను కలుపుకుని 194 చదరపు కిలోమీటర్లలో కృష్ణా అభయారణ్యం ఏర్పడింది. అక్కడ మడ తమ ప్రాణాలకు రక్షణ అని జనానికి తెలుసు కాబట్టి వాదన కొంత తేలిక. కొల్లేటి విషయంలో ఆ సంగతిని 2024 సెప్టెంబరు వరదే గుర్తుచేయాల్సి వచ్చింది.

బుడమేరు తెగి బెజవాడ సింగ్‌నగర్‌ను ముంచిన నీరు కొల్లేటికే దిగింది. లంక గ్రామాల దారులు మునిగాయి. పెదఎడ్లగాడి వంతెన కానాల దగ్గర గుర్రపుడెక్క అడ్డుపడి నీరు కదలలేదు, తీయడానికి మళ్లీ పొక్లెయిన్లే వచ్చాయి. ఆ నీరు ఉప్పుటేరు పట్టి పోయేసరికి ఆటపాకలో గూళ్ల కాలం దగ్గరపడింది. గూడబాతులు ఏటా అదే వరసలో, పుల్లలు ముక్కున కరుచుకుని ఇనుప స్టాండ్ల మీదికి ఎక్కుతాయి.