మక్క చేను, నేల తడి: అడవి అంచున మన సేద్యం

మనం మక్క అని పిలుచుకునే మొక్కజొన్న మన నేల మీద పుట్టిన పంట కాదు. అమెరికా ఖండపు ఆదివాసులు వేల ఏళ్లు సాగుచేసి తీర్చిదిద్దిన పంట. 1492 తర్వాతే సముద్రాలు దాటింది. అంటే ఆ కంకి వెనుక ఉన్నది ఆదివాసీ రైతు తెలివే.

భద్రాచలం అడవుల్లో మన పెద్దలు జొన్న, సామ, కంది పండించారు. భూమి పండుగ చేసుకుని విత్తేవారు. పోడులో కాల్చిన కొమ్మల బూడిదే ఎరువు. కొన్నేళ్లకు ఆ చెక్కను వదిలేస్తే అడవే నేలకు మళ్లీ బలం పోసేది. అటవీ చట్టాలు వచ్చాక ఆ తిరుగుడు ఆగింది. ఒకే చెక్కను ఏటేటా దున్నక తప్పలేదు.

నిజాం కాలంలో, 1930లో వైరా జలాశయం కట్టారు. కాలువ నీరు పల్లపు పొలాలకే పారుతుంది, ఎత్తు చేలకు ఎక్కదు. అక్కడ వానే దిక్కు. 1961లో 'దక్కన్' వంటి తొలి హైబ్రిడ్ మక్కలు వచ్చాయి. దిగుబడి పెరిగింది, యూరియా ఖర్చూ పెరిగింది.

మరి బెట్టకు మందేమిటి? వాలుకు అడ్డంగా బోదెలు తోలితే వాన నీరు పారిపోకుండా ఇంకుతుంది. సాళ్ల మధ్య చొప్ప, ఎండుటాకు పరిస్తే ఎండకు తడి ఆరదు, కలుపూ తగ్గుతుంది. వరి కోసిన మడిలో దున్నకుండా మక్క విత్తే పద్ధతిలోనూ మిగిలిన తడే పెట్టుబడి. జల్లు వేసి పీచు వచ్చే రోజుల్లో బెట్ట తగిలితే గింజ పట్టదు. ఒక్క తడికే నీళ్లుంటే అప్పటికి దాచాలి. మొలక దశలో మాత్రం నీరు నిలవకూడదు.

పశువుల ఎరువు ఆఖరి దుక్కిలో వేయాలి. యూరియా ఒకేసారి కాదు, మూడు దఫాలుగా, నేల తడిగా ఉన్నప్పుడు వేసి మట్టి కప్పాలి. మట్టి కప్పకుండా పైపైన చల్లితే కొంత గాలి పాలు. రెండు సాళ్ల మక్కకు ఒక సాలు కంది వేస్తే, ఒకటి పోయినా ఒకటి దక్కుతుంది. సందేహముంటే వైరాలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగండి.

2006 అటవీ హక్కుల చట్టం సాగు చేసుకునే నేలపై మనకు హక్కునిచ్చింది. కానీ పట్టా ఉండీ నేల సత్తువ పోతే మిగిలేది అప్పే. చొప్పను తగలబెట్టకండి. నాడు అడవి చేసిన పనిని నేడు మనమే చేయాలి.