చివరి పేజీల్లో దొరికే చరిత్ర

1940 డిసెంబరు 21. హాలీవుడ్‌లో ఒక అపార్ట్‌మెంట్. ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ నవలా రచయిత స్కాట్ ఫిట్జెరాల్డ్ చాక్లెట్ తింటూ పత్రిక చదువుకుంటున్నాడు. ఫుట్‌బాల్ జట్టు మీద వచ్చిన వ్యాసం పక్కన, అంచుల్లో పెన్సిలుతో ఏదో రాసుకుంటున్నాడు. ఉన్నట్టుండి లేచాడు, ఆసరా కోసం చెయ్యి చాచాడు, కుప్పకూలిపోయాడు. గుండెపోటు. వయసు 44. ఆఖరి నిమిషాల్లో అతని చేతిలో ఉన్నది ‘ప్రిన్స్‌టన్ అలమ్నై వీక్లీ’, అంటే ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం పూర్వ విద్యార్థుల పత్రిక.

నిజానికి అతను ప్రిన్స్‌టన్ పట్టభద్రుడు కాడు. 1913లో చేరి, చదువు సాగక, 1917లో సైన్యంలోకి వెళ్లిపోయాడు. పట్టా రాకపోయినా పత్రిక మాత్రం అతన్ని వదల్లేదు. దాని లెక్కలో అతను 1917 బ్యాచ్ మనిషి, అంతే. ఆ పేజీల్లో ఏ పూర్వ విద్యార్థి పేరు అచ్చయినా పక్కన బ్యాచ్ సంవత్సరం ఉండాల్సిందే.

ప్రిన్స్‌టన్‌లో పూర్వ విద్యార్థుల సంఘం 1826లోనే పుట్టింది. తొలి అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్, అంతకుముందే అమెరికా అధ్యక్ష పదవి చేసి దిగినవాడు. పత్రిక 1900లో మొదలైంది. దాని తొలి సంపాదకుడు జెస్సీ లించ్ విలియమ్స్ తర్వాత నాటకకర్తగా 1918లో పులిట్జర్ బహుమతి అందుకున్నాడు. నాటకానికి ఆ బహుమతి ఇవ్వడం అదే మొదలు.

ఇలాంటి పత్రికకు సంపాదకత్వం వహించడం కత్తిమీద సామే. విశ్వవిద్యాలయానికి పొగడ్త కావాలి, పాతవాళ్లకు తాము చదివిన రోజులు చెక్కుచెదరకుండా ఉండాలి. 1907లో అప్పటి ప్రిన్స్‌టన్ అధ్యక్షుడు ఉడ్రో విల్సన్, ధనిక విద్యార్థుల భోజన క్లబ్బుల స్థానంలో అందరూ కలిసి ఉండే వసతులు కడదామన్నాడు. పూర్వ విద్యార్థులు భగ్గుమన్నారు, ఆ గొడవ పత్రిక లేఖల పేజీలకెక్కింది. చివరికి ధర్మకర్తలు వెనక్కి తగ్గారు. 1969లో అమ్మాయిలను డిగ్రీలో చేర్చుకున్నప్పుడూ గొడవే. అది నచ్చని పూర్వ విద్యార్థులు 1972లో వేరే సంఘం పెట్టుకుని, సొంతంగా ఒక పత్రికే తెచ్చారు. లేఖల పేజీ మూసేసిన సంపాదకుడు ఇలాంటి పత్రికను నడిపినట్టు కాదని నా గట్టి నమ్మకం.

సన్మానాల సంగతి మరీ చిక్కు. 2008లో ఈ పత్రిక అత్యంత ప్రభావశీలురైన 25 మంది ప్రిన్స్‌టన్ వారిని ఎంపిక చేయించింది. మొదటి స్థానం మాడిసన్‌ది, రెండోది కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసిన అలన్ ట్యూరింగ్‌ది, మూడోది విల్సన్‌ది. పన్నెండేళ్ల తర్వాత, విల్సన్ జాతివివక్ష విధానాల కారణంగా 2020లో విశ్వవిద్యాలయం తన పబ్లిక్ పాలసీ స్కూలుకున్న అతని పేరు తీసేసింది. ఏటా ఒక పూర్వ విద్యార్థికిచ్చే పురస్కారానికి మాత్రం ఆ పేరు మిగిలింది. దాత షరతు అలాంటిది.

బ్రూస్ రైట్ కథ ఇంకా బరువైనది. 1930లలో స్కాలర్‌షిప్‌తో సీటొచ్చి, పెట్టె సర్దుకుని ప్రిన్స్‌టన్ చేరిన ఈ కుర్రాణ్ణి, నల్లజాతివాడని చూసి అక్కణ్ణుంచే వెనక్కి పంపేశారు. తర్వాత అతను న్యూయార్క్‌లో పేరున్న న్యాయమూర్తి అయ్యాడు. ఎన్నో దశాబ్దాల తర్వాత 2001 బ్యాచ్ విద్యార్థులు అతన్ని తమ బ్యాచ్‌లో గౌరవ సభ్యుణ్ణి చేసుకున్నారు. పురస్కారాల పట్టికల్లో నాకు ఇంతకంటే విలువైన గౌరవం కనబడదు.

అందుకే ఇలాంటి పత్రిక చేతికొస్తే నేను ముఖచిత్రం దాటి చివరి పేజీలకు వెళతాను. అక్కడ బ్యాచ్ కార్యదర్శులు పైసా తీసుకోకుండా రాసే కబుర్లుంటాయి: ఎవరు ఊరు మారారు, ఎవరు వ్యాపారం వదిలి బడిపంతులయ్యారు, ఎవరికి మనవరాలు పుట్టింది. ఆ వెనకే పోయినవారికి నివాళులు. మంత్రిగా చేసినవాడికీ మందుల దుకాణం నడిపినవాడికీ ఇంచుమించు ఒకే చోటు. ఒక తరం ఎలా బతికిందో తెలిసేది అక్కడే.

ఇక మన సంగతి. 1926లో బెజవాడలో మొదలై వాల్తేరు చేరిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు 2026తో నూరేళ్లు. అక్కడ గణితంలో ఎం.ఏ. చేసిన సి.ఆర్. రావు 2023లో, 102 ఏళ్ల వయసులో, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి పొందారు. అది మొదటి పేజీ వార్త. ఆయన సైన్యంలో గణిత ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లడం, దిగిన దక్షిణాది హోటల్లో ఒక పెద్దమనిషి మాటల్లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలియడం, అలా జీవితం మలుపు తిరగడం చివరి పేజీల సరుకు. ఆయన సొంతంగా చెప్పుకున్నారు గనక మనకు దక్కింది. మరి ఆయనతో పాటు చదివినవారి మాటేమిటి? 1942లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాక విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. ఆ రోజుల్లో చదివి ఇంకా మన మధ్య ఉన్నవారు నూరేళ్లకు దగ్గర పడుతున్నారు. వాళ్ల ఇళ్లల్లో గ్రూప్ ఫొటోలుంటాయి, ఉత్తరాలుంటాయి, ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారో చెప్పగలిగే పిల్లలుంటారు. శతాబ్ది సంచిక వేసేవాళ్లు ముందుగా ఆ తలుపులు తట్టాలి, ఈ ఏడాదే.