చక్రానికి అలంకారం



హంపికి వెళ్ళిన మనవాళ్ళెవరూ విఠలాలయంలో రాతి రథం ముందు ఫొటో తీయించుకోకుండా తిరిగి రారు. ఈసారి వెళ్ళినప్పుడు రథాన్ని వదిలి దాని చక్రాన్ని కాసేపు చూడండి. వలయంలో వలయంగా పూలరేకులు చెక్కి ఉంటాయి. ఆ చక్రం ఊరు దాటదు, పొలం పోదు. అయినా శిల్పి దాన్ని వట్టిగా వదలలేదు. మనల్ని మోసే దానికి నగ పెట్టాలన్న బుద్ధి మన సీమలో పాతదే. ఆ బుద్ధి సైకిలు చక్రం దాకా ఎలా వచ్చిందో ఈవేళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

ముందు చక్రం సంగతి. ఎద్దులబండి చక్రంలో నడిమి దిమ్మ నుంచి అంచుకు పోయే కొయ్యలను మన రైతులు ఆకులు అంటారు. చెట్టుకూ ఆకులే, చక్రానికీ ఆకులే. బండి ఆకు కింద నిలబడి బరువును మోస్తుంది, ఇంటికి స్తంభం లాగా. సైకిలు చువ్వ పని వేరు. అది సన్నటి తీగ. నిలబెట్టి నొక్కితే వంగిపోతుంది. అందుకే దాన్ని రెండువైపులా లాగి బిగిస్తారు. అన్నీ సమంగా లాగి ఉన్నంతవరకే చక్రం గుండ్రంగా ఉంటుంది. ఒక్కటి వదులైతే అష్టవంకరలు పోతుంది. 1869లో పారిస్‌లో యూజీన్ మేయర్ అనే పనివాడు ఇట్లాంటి తీగ చువ్వల చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1874లో ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ చువ్వలను ఏటవాలుగా, ఒకదానిమీద ఒకటి దాటేట్టు అల్లే పద్ధతికి పేటెంటు పొందాడు. ఈనాటికీ మన ఊరి సైకిలు షాపులో చక్రం కట్టే అల్లిక అదే. మామూలు నల్ల సైకిలుకు ముందు చక్రంలో 32 చువ్వలు, వెనక చక్రంలో 40. వెనక ఎక్కువ ఎందుకో చెప్పక్కర్లేదు. మనిషి బరువూ, క్యారియరు మీది మూటా దానిమీదే కదా!

ఇంకొక విషయం. తొలినాటి సైకిళ్ళు తొక్కడం ఆపితే ఊరికే జారిపోయేవి కావు. మీ ఇంట్లో పసిపిల్లల మూడుచక్రాల బండి ఉంటే గమనించండి. పెడలు నేరుగా ముందు చక్రానికే బిగించి ఉంటుంది. చక్రం తిరిగినంతసేపూ కాలు తిరగాల్సిందే. ముందు పెద్ద చక్రం, వెనక చిన్న చక్రం ఉన్న ఆ పాతకాలపు ఎత్తు సైకిలు పద్ధతీ ఇదే. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రాలూ ఇంచుమించు సమంగా పెట్టి, గొలుసు తగిలించి, రోవరు సైకిలు తెచ్చాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. అప్పటికీ వెనక పళ్ళచక్రం బిర్రుగా బిగించినదే. ఫ్రీవీలు వాడుకలోకి వచ్చింది దాదాపు 1900 ప్రాంతంలో. పల్లంలో కాళ్ళు కదపకుండా టిక్ టిక్ మని జారిపోయే సుఖం ఆ తర్వాతిదే.

బిగింపు చక్రం పోయిందా అంటే పోలేదు. సర్కసులో సైకిలును వెనక్కి నడిపే కళాకారుడిది ఆ చక్రమే. గిన్నెలాంటి బాటలో జరిగే ట్రాకు పందాలకూ ఆ సైకిలే, దానికి బ్రేకులు ఉండవు. అటువంటి బాట ఒకటి హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉంది. అయితే పిల్లలకు ఒక మాట. బ్రేకు లేని సైకిలు పందెపు బాటకే గాని, లారీలు తిరిగే మన రోడ్లకు కాదు.

ఇక మన ఊళ్ళకు వద్దాం. స్వాతంత్ర్యం వచ్చాక మన దేశంలో సైకిళ్ళ తయారీ ఊపందుకుంది. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. వాళ్ళు పంపేది అంతా ఒకే నలుపు, ఒకే ఎత్తు. వంద సైకిళ్ళు పక్కపక్కన నిలబెడితే ఏది ఎవరిదో తెలియదు. అక్కడే మనవాళ్ళ చేతిపని మొదలైంది. చువ్వలకు రంగురంగుల ప్లాస్టిక్ పూసలు ఎక్కించేవారు. అవి చక్రం నెమ్మదిగా తిరిగేటప్పుడు టకటకమని జారేవి, జోరందుకుంటే అంచుకు పోయి సద్దుమణిగేవి. నడిమి హబ్బుకు రంగుల కుచ్చు చుట్టేవారు. అందానికి అందం, తిరిగేటప్పుడు దుమ్ము తుడిచే పని కూడా దానిదే. పిల్లలైతే సిగరెట్టు పెట్టె అట్టముక్కను చువ్వలకు తగిలేట్టు కట్టి, మోటారు సైకిలు నడిపినంత సంబరపడేవారు. ఆగస్టు పదిహేనుకు మూడు రంగుల కాగితాలు అల్లేవారు.

ఒక తేడా గమనించారా? గంటకింత అని అద్దెకు తెచ్చిన సైకిలుకు ఎవరూ పూసలు ఎక్కించలేదు. షాపాయన పుస్తకంలో టైము రాసుకుంటాడు, గంట కాగానే తిరిగి ఇవ్వాలి. బారు కింద కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నది ఆ సైకిలు మీదే అయినా, నగ పెట్టింది మాత్రం సొంత సైకిలుకే. పూస అంటే, ఇది నాది అని చెప్పే మాట.

ఆ మాటకు ఒక చేదు కూడా ఉంది. దాచిపెట్టడం మర్యాద కాదు. సైకిలు, వాచీ, రేడియో ఇస్తేనే పెళ్ళి అన్న కాలం మన ఇళ్ళలో గడిచింది. అల్లుడి సైకిలు చక్రం తళతళలాడితే, ఆ మెరుపులో ఎన్నోసార్లు ఒక ఆడపిల్ల తండ్రి చేసిన అప్పు ఉండేది. సైకిలు ఆమె పేరున వచ్చేది, ఆమె మాత్రం క్యారియరు మీద కూర్చునేది.

అలంకారానికి అసలు పండుగ మహర్నవమి. విజయనగర కాలంలో ఈ పండుగకు గుర్రాలను, ఏనుగులను సింగారించి ఊరేగించేవారని, 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాసిపెట్టాడు. హంపిలో మహానవమి దిబ్బ గోడల నిండా గుర్రాలు, ఏనుగులే. రాజుకు గుర్రం, రైతుకు ఎద్దు. ఏరువాక పున్నమి నాడు, కన్నడం వారు కారహుణ్ణిమె అనే ఆ రోజునే, ఎద్దుల కొమ్ములకు రంగులు పూస్తాం. గుర్రమూ ఎద్దూ లేని కూలివాడికి, మేస్త్రీకి, పాలమ్మేవాడికి సైకిలే వాహనం, అదే ఆయుధం. కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చువ్వల్లో బంతిపూలు గుచ్చి, టైరు కింద నిమ్మకాయ పెట్టి తొక్కించేవాడు.

1953 అక్టోబరు 1న మన పాత బళ్ళారి జిల్లా చీలిపోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలోకి, బళ్ళారి, హోసపేట, సిరుగుప్ప మైసూరు రాష్ట్రంలోకి పోయాయి. బోర్డుల మీద భాష మారింది. కాని ఆయుధపూజ నాడు గీతకు ఇటు చూసినా అటు చూసినా చక్రంలో అదే బంతిపువ్వు.

ఈ బుద్ధి మనకొక్కరికే ఉందని అనుకోకండి. న్యూయార్కు, టొరంటో లాంటి నగరాల్లో ఉత్తరాలు, కాగితాలు చేరవేసే సైకిలు కుర్రాళ్ళు చాలామంది ఆ బిగింపు చక్రాల సైకిళ్ళే వాడారు. 1989లో టొరంటోలో వాళ్ళు తమలో తాము పందాలు పెట్టుకున్నారు. అట్లాంటి పందాల్లో నంబరు వేసిన అట్టముక్కను చువ్వల మధ్య దోపుకోవడం ఆచారమైంది. పందెం అయిపోయినా దాన్ని తీయరు. జీతానికి పరుగెత్తే మనిషికి చక్రంలోని ఆ ముక్కే బిరుదు. మన పూసకూ ఆ అట్టకూ ఏమంత దూరం చెప్పండి!

2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినం నాడే, అట్లాస్ వారి సాహిబాబాదు ఫ్యాక్టరీ మూతపడింది. అద్దె సైకిలు షాపులు అంతకు ముందే తగ్గిపోయాయి. చక్రం వంకర తీసే చేతులూ తగ్గాయి. అయితే కథ అక్కడ ముగియలేదు. 2006-07లో కర్ణాటక ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ఉచితంగా సైకిళ్ళు ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాత ఆంధ్రలో కూడా ‘బడికొస్తా’ పేరుతో ఆడపిల్లలకు ఇచ్చారు. అన్నీ ఒకే రకం సైకిళ్ళు. ఏది తనదో ఎలా తెలియాలి? హ్యాండిలుకో రిబ్బను, చువ్వకో పూస. ఒకప్పుడు అల్లుడి చక్రంలో మెరిసిన పూస, ఇప్పుడు బడికి పోయే పిల్ల చక్రంలో మెరిసింది. ఈసారి దాని వెనక అప్పు లేదు, చదువు ఉంది.

మీ ఇంటి గోడకు ఆనించిన పాత సైకిలు ఏదైనా ఉంటే, వచ్చే మహర్నవమికి పాత ఇనుప సామాను వాడికి వేయకుండా ఒకసారి తుడవండి. వదులైన చువ్వలు బిగించండి. ఒక బంతిపువ్వు గుచ్చండి. తర్వాత ఇంట్లో ఆడపిల్ల ఉంటే, ఆమెకే ఇచ్చి తొక్కమనండి.