లండన్‌లో రూమ్ కావాలా? ఈ గొడవ 1905 నుంచీ ఉంది

ముందు నాకొచ్చిన ఒక మెయిల్ గురించి చెప్తాను. కంపెనీ నన్ను ఆన్‌సైట్‌కి లండన్ పంపిన కొత్తలో ఒక రూమ్ చూశాను, నచ్చింది, సరే అన్నాను. మర్నాడు ఏజెంట్ నుంచి మెయిల్. యూకేలో మీకు గ్యారెంటర్ లేరు కాబట్టి ఆరు నెలల అద్దె ముందే కట్టాలి అని. నాకింకా మొదటి జీతమే పడలేదు! ఆ రూమ్ వదిలేసి, తెలిసిన ఒక తెలుగన్న ఇంట్లో, హాల్లో పరుపు వేసుకుని మూడు వారాలు పడుకున్నాను.

నా ఒక్కడి ఖర్మే ఇలా కాలిందనుకున్నా. తర్వాత చదువుతూ పోతే, మనవాళ్లు ఆ ఊళ్లో ఇంటి కోసం వందేళ్లకు పైగా తిరుగుతూనే ఉన్నారని తెలిసింది.

1888లో పద్దెనిమిదేళ్ల గాంధీ లా చదవడానికి వెళ్లి, మొదట విక్టోరియా హోటల్లో దిగారు. మూడు పౌండ్ల బిల్లు చూసి కళ్లు తిరిగాయని ఆత్మకథలో ఆయనే చెప్పుకున్నారు. చివరికి ఒక్క గది, ఒక స్టవ్. పొద్దున ఓట్స్ జావ, రాత్రికి రొట్టె, కోకో. బ్యాచిలర్ బడ్జెట్ అన్నమాట.

ఆ తర్వాత మన విద్యార్థుల సంఖ్య పెరిగింది, దాంతోపాటే గదులిచ్చే ఇంటి ఓనరమ్మల అనుమానాలూ పెరిగాయి. రంగు చూసి గది లేదనడం మామూలైపోయింది. అప్పుడు శ్యామ్‌జీ కృష్ణవర్మ 1905 జులైలో హైగేట్ ప్రాంతంలోని 65, క్రామ్‌వెల్ అవెన్యూలో ఒక ఇంటిని హాస్టల్‌గా తెరిచారు. పేరు ఇండియా హౌస్. పాతికమంది దాకా ఉండొచ్చు. స్కూల్ పుస్తకాల్లో ఇది విప్లవకారుల స్థావరం అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నిజమే, సావర్కర్ అక్కడే ఉన్నారు, ఇప్పటికీ ఆ ఇంటి గోడ మీద ఆయన పేరుతో ఫలకం ఉంది. కానీ ముందుగా అది ఇల్లు దొరకని కుర్రాళ్లకి దొరికిన గది. అవమానపడి వచ్చినవాళ్లంతా రోజూ ఒకే చోట కూర్చుని తింటే రాజకీయం మాట్లాడుకోరా మరి?

ప్రభుత్వానికీ అదే భయం పట్టుకుంది. 1907లో భారతీయ విద్యార్థుల పరిస్థితి మీద లీ-వార్నర్ కమిటీ వేశారు. 1909 జులై 1న మదన్‌లాల్ ధింగ్రా లండన్‌లో కర్జన్ వైలీని కాల్చాక ఇండియా హౌస్ కథ ముగిసింది. 1910లో ప్రభుత్వ అండతో ఇంకో ఇల్లు తెరిచారు, సౌత్ కెన్సింగ్టన్‌లో, 21, క్రామ్‌వెల్ రోడ్. (రెండు క్రామ్‌వెల్‌లు వేరు, నేనూ మొదట కన్ఫ్యూజ్ అయ్యాను.) కొత్తగా దిగినవాళ్లకి అక్కడ గది, సలహా రెండూ దొరికేవి. అయినా చాలామంది విద్యార్థులకి అదంటే నచ్చేది కాదు. గది ఇచ్చే నెపంతో మన మీద నిఘా పెట్టారు అనేవారు. నాకు ఈ చరిత్ర మొత్తంలో గుచ్చుకున్న పాయింట్ ఇదే. తలదాచుకోవడానికి చోటిచ్చే చెయ్యే పేర్లు కూడా రాసుకుంటుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

1920లో కె.టి. పాల్ చొరవతో విద్యార్థుల కోసం ఇండియన్ వైఎంసీఏ మొదలైంది. ఇప్పుడు ఫిట్జ్‌రాయ్ స్క్వేర్ దగ్గర నడుస్తోంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కరీబియన్ నుంచి, మన దేశం నుంచి, పాకిస్తాన్ నుంచి పనికోసం వేలమంది వచ్చారు. 1950ల్లో గదుల ప్రకటనల్లోనే "నల్లవాళ్లకి ఇవ్వం" అని పెట్టేవాళ్లు. అప్పట్లో ఆ మాటలో మనమూ ఉన్నాం. 1965లో జాతివివక్ష మీద మొదటి చట్టం వచ్చింది కానీ అద్దె ఇళ్ల జోలికి పోలేదు. 1967లో పీఈపీ అనే పరిశోధన సంస్థ ఒక పరీక్ష పెట్టింది. ఒకే గది కోసం ఒక ఇంగ్లిష్ మనిషిని, ఒక హంగేరీ మనిషిని, ఒక వెస్టిండియన్‌ని విడివిడిగా పంపారు. హంగేరీ అతనూ విదేశీయుడే, యాస ఉన్నవాడే. అయినా ఎక్కువసార్లు గది లేదనిపించుకుంది వెస్టిండియనే. అంటే సమస్య విదేశీయుడు కావడం కాదు, రంగు! ఇక వాదించడానికేం మిగల్లేదు. 1968 చట్టం ఇళ్లని కూడా కలిపింది. అందులోనూ ఓనర్ తనుండే చిన్న ఇంట్లో గది ఇచ్చే విషయంలో మినహాయింపు పెట్టారు.

ఇక్కడ ఒక్క నిమిషం. హైదరాబాద్‌లో టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే "బ్యాచిలర్సా? నాన్‌వెజ్ తింటారా? మీరేమోళ్లు?" అని అడిగేది ఎవరు? లండన్ ఓనరమ్మని తిట్టేటప్పుడు నాకు మా కాలనీ ఆంటీ కూడా గుర్తొస్తుంది.

సరే, బోర్డులు పోయాయి. 2014 ఇమిగ్రేషన్ చట్టంతో "రైట్ టు రెంట్" వచ్చింది, 2016 నుంచి ఇంగ్లండ్ అంతటా అమలైంది. అద్దెకిచ్చే ముందు ఓనరే మీ వీసా స్టేటస్ చెక్ చెయ్యాలి. మీరు పంపే షేర్ కోడ్ అందుకే. తప్పు చేస్తే ఇప్పుడు ఒక్కో మనిషికి పదివేల పౌండ్ల దాకా ఫైన్, మళ్లీ చేస్తే ఇరవై వేల దాకా. అంత రిస్క్ ఉంటే ఓనర్ ఏం చేస్తాడు? బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉన్నవాడికే ఇచ్చేస్తాడు. 2019లో హైకోర్టు ఈ పథకం వల్ల వివక్ష జరుగుతోందని చెప్పింది. 2020లో అప్పీల్ కోర్టు కూడా వివక్ష ఉందని ఒప్పుకుంది, కానీ పథకం చట్టబద్ధమే అంది! క్రామ్‌వెల్ రోడ్‌లో ప్రభుత్వమే ఇల్లు తెరిచి కనిపెట్టుకుని ఉండేది అనేవాళ్లు కదా, ఇప్పుడు ఆ పని ప్రతి ఇంటి ఓనర్‌కీ అప్పగించారు.

ఇక నా మెయిల్ సంగతి. 2025 రెంటర్స్ రైట్స్ చట్టం ప్రకారం ఇంగ్లండ్‌లో ప్రైవేట్ ఇళ్లకి 2026 మే 1 నుంచి ఒక నెలకి మించి అడ్వాన్స్ అద్దె అడగకూడదు. పెద్ద స్టూడెంట్ హాల్స్‌కి ఈ రూల్ వర్తించదు, జాగ్రత్త. డిపాజిట్ మామూలుగా అయిదు వారాల అద్దెకి మించకూడదు, దాన్ని 30 రోజుల్లో ప్రభుత్వం గుర్తించిన స్కీమ్‌లో పెట్టాలి.

ఆరు నెలల డబ్బు అడగలేరు కాబట్టి, ఇకమీదట గ్యారెంటర్ దగ్గరే ఆపేస్తారని నా అనుమానం. కొన్ని యూనివర్సిటీలు తమ స్టూడెంట్స్‌కి తామే గ్యారెంటర్‌గా ఉంటాయి. మీ అకామొడేషన్ ఆఫీస్‌కి ఫ్లైట్ ఎక్కకముందే మెయిల్ పెట్టి అడగండి.