పాత పికప్ బండి డోర్ ప్యాడ్ల మరమ్మతు

బండి తలుపుకు లోపలి వైపు బిగించే పలకను డోర్ ప్యాడ్ అంటారు. గ్లాసును ఎత్తి దించే మెషీను, లాకు కడ్డీలు, స్పీకరు వైర్లు దాని వెనకే ఉంటాయి. డ్రైవరు మోచెయ్యి ఆనేది దాని మీదే, తలుపు లాగి వేసుకునేది దాన్ని పట్టుకునే. అందుకే పికప్ క్యాబిన్‌లో సీటు తర్వాత ఎక్కువగా అరిగేది ఇదే. పాత మోడళ్లకు కొత్త ప్యాడ్ దొరకడం కష్టం. దొరికినా చాలాసార్లు బండి విలువకు ఆ ఖర్చు తగదు. ఉన్నదాన్నే బాగుచేసుకునే పద్ధతులు అమెరికాలో పాత పికప్‌లు ఉంచుకున్నవాళ్లవైనా, విజయవాడ జవహర్ ఆటోనగర్ లాంటి చోట్ల కుషన్ వర్క్స్ షాపులవైనా చాలావరకు ఒకటే.

ప్యాడ్లలో ప్రధానంగా రెండు రకాలు: హార్డ్‌బోర్డుకు రెక్సిన్ చుట్టినవి, అచ్చుపోసిన ప్లాస్టిక్‌వి. 1980ల షెవ్రొలే సి/కె పికప్‌లవి రెండో రకం. హార్డ్‌బోర్డును 1924లో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రం, లారెల్ పట్టణంలో విలియం హెచ్. మేసన్ రూపొందించాడు. చెక్క పేళ్లను ఆవిరి ఒత్తిడితో పీచుగా విడగొట్టి, ఆ పీచును వేడి మీద అణిచి పలకగా చేస్తారు. చౌక, గట్టి. తడి మాత్రం దానికి గిట్టదు.

నీళ్ల దారి

వానలో గ్లాసు మీద జారే నీళ్లు కొన్ని బీడింగు దాటి తలుపు లోపలికి దిగుతాయి. ఇది లోపం కాదు, తలుపును తయారుచేసేదే అలా. లోపలికి దిగిన నీళ్లు తలుపు అడుగు అంచున ఉన్న చిన్న రంధ్రాల్లోంచి బయటికి పోతాయి. ఈలోగా ప్యాడ్ తడవకుండా, దానికీ లోపలి రేకుకూ మధ్య ఒక పాలిథిన్ షీటు అంటించి ఉంటుంది. గ్లాసు మెషీను చెడినప్పుడు తలుపు విప్పినవాళ్లు ఆ షీటును చింపేసి, మళ్లీ పెట్టకుండా ప్యాడ్ బిగించేస్తుంటారు. ఇక ప్రతి వానకూ హార్డ్‌బోర్డు అడుగు భాగం నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, పొరలుగా విడిపోతుంది, ప్యాడ్‌ను రేకుకు పట్టి ఉంచే క్లిప్పుల చోట చిరిగి వేలాడుతుంది.

కాబట్టి మరమ్మతు ఇక్కడే మొదలవ్వాలి. రెక్సిన్ మార్చి షీటు మార్చకపోతే పెట్టిన డబ్బు వచ్చే వానాకాలం దాకానే. మందపాటి పాలిథిన్ కోసి, బ్యూటైల్ టేపుతో రేకుకు అంటించాలి. షీటు కింది అంచును రేకులోని సందుగుండా తలుపు లోపలి వైపుకు దోపాలి. అప్పుడు షీటు మీద జారిన నీళ్లు తిరిగి తలుపులోకే పడతాయి. అడుగు రంధ్రాల్లో పేరుకున్న మట్టిని సన్నని తీగతో తీసేయాలి. ఇది పావుగంట పని. దీన్ని వదిలేసిన మరమ్మతును మరమ్మతు అనలేం.

విప్పడం

ఎక్కువ ప్యాడ్లు పాడయ్యేది విప్పేటప్పుడే. గ్లాసు తిప్పే హ్యాండిల్‌కు కొన్ని బండ్లలో మధ్యలో స్క్రూ ఉంటుంది. కొన్నింటిలో వెనక గుర్రపు నాడా ఆకారంలో స్ప్రింగు క్లిప్పు ఉంటుంది, అది బయటికి కనపడదు. పాత గుడ్డ పేలికను హ్యాండిల్‌కూ ప్యాడ్‌కూ మధ్య దూర్చి, రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ లాగుతుంటే దారాలు క్లిప్పు కొసకు తగులుకుని దాన్ని బయటికి ఈడ్చేస్తాయి. అది ఎగిరి ఎక్కడో పడుతుంది కాబట్టి ఇంకో చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. ఆర్మ్‌రెస్టు స్క్రూలు తీశాక, వెడల్పాటి పట్టీని సరిగ్గా ప్రతి క్లిప్పు పక్కనే దూర్చి ఎత్తాలి. మధ్యలో పట్టుకుని గుంజితే క్లిప్పు రేకులోనే ఉండిపోయి బోర్డు చిరుగుతుంది.

బోర్డు, రెక్సిన్

బోర్డును ముందు బాగా ఆరనివ్వాలి. విడిపోయిన పొరల మధ్య అరల్డైట్ లాంటి ఎపాక్సీ పూసి, పైనా కిందా పాలిథిన్ ముక్కలు వేసి, రెండు చెక్కల మధ్య క్లాంపుతో బిగించి రాత్రంతా ఉంచితే చాలావరకు చదునవుతుంది. చిరిగిన క్లిప్పు రంధ్రం వెనక పల్చటి అల్యూమినియం రేకు అంటించి, అందులో కొత్త రంధ్రం చేయాలి. బోర్డు సగానికి పైగా పాడైతే దాన్నే నమూనాగా పెట్టుకుని 3 మి.మీ. కొత్త బోర్డు కోసుకోవడం మేలు. కొత్త బోర్డు వెనక భాగానికీ, ముఖ్యంగా కోసిన అంచులకూ వార్నిష్ పట్టించాలి. తడి పీల్చని పీవీసీ ఫోమ్ షీటు వాడితే ఆ బాధ కూడా ఉండదు.

పాత రెక్సిన్ మెత్తదనం పోయి కుంచించుకుని ఉంటుంది. అందుకే కొత్తదాన్ని దాని కొలతకు కాక, బోర్డు చుట్టూ 3, 4 సెం.మీ. అదనంగా ఉంచి కోస్తారు. ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 వంటి రబ్బరు గమ్మును రెండు వైపులా పల్చగా పూసి, వేలికి అంటుకోనంతగా ఆరాకే అతకాలి. ఒకసారి పట్టాక జరపడానికి వీలుండదు. కాబట్టి మధ్య నుంచి అంచులకు అద్దుకుంటూ పోవాలి. మూలల దగ్గర వెనకవైపు చిన్న చిన్న కోతలు పెడితే మడత ఉబ్బదు.

ప్లాస్టిక్ ప్యాడ్లు

ముందు ఏ ప్లాస్టికో తెలియాలి. వెనకవైపు ఏబీఎస్ అనో పీపీ (పాలీప్రొపిలీన్) అనో అచ్చు ఉండొచ్చు. లేకపోతే ఒక ముక్క నీళ్లలో వేస్తే తెలుస్తుంది: పాలీప్రొపిలీన్ తేలుతుంది, ఏబీఎస్ మునుగుతుంది. ఏబీఎస్ అసిటోన్‌లో కరుగుతుంది కాబట్టి, అదే ప్లాస్టిక్ తునకలను అందులో నానబెట్టి ముద్దగా చేసి, పగులుకు వెనక నుంచి పట్టిస్తే అతుకు ప్యాడ్‌లో కలిసిపోతుంది. అసిటోన్ ముందు వైపు చుక్క పడినా మచ్చే. పాలీప్రొపిలీన్‌కు మామూలు గమ్ములు పట్టవు, ఎం-సీల్ కూడా పెచ్చుగా ఊడి వస్తుంది. దానికి సోల్డరింగ్ ఐరన్‌తో వెనకవైపు సన్నని స్టీలు జాలీని కరిగించి అదమడమే దారి. ఈ పనులన్నీ గాలి ఆడే చోట చేయాలి. అసిటోన్‌కు ఇట్టే నిప్పు అంటుకుంటుంది కాబట్టి వేడి ఐరన్ దగ్గర డబ్బా ఉండకూడదు.

రంగు వేయబోతే, ఏళ్ల తరబడి పూసిన సిలికాన్ పాలిష్ పూర్తిగా పోవాలి. సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, వినైల్ రంగును పల్చటి పూతలుగా వేస్తారు. పాలీప్రొపిలీన్‌కైతే ముందు దానికి తగిన ప్రైమరు కొట్టాలి.

తలుపులో ఎయిర్‌బ్యాగు గానీ, దాన్ని పేల్చే ఒత్తిడి సెన్సారు గానీ ఉన్న కొత్త బండ్లకు ఈ పద్ధతులు వర్తించవు. వాటి ప్యాడ్‌ను, వెనకున్న షీటును తయారీదారు చెప్పిన తీరులోనే విప్పి బిగించాలి.