క్షయ రోగికి ఇంటి వద్దే చికిత్స, పోషకాహారం: దాతల తోడ్పాటు

క్షయకు మందులు లేని కాలంలో రోగికి లభించిన చికిత్స విశ్రాంతి, స్వచ్ఛమైన గాలి, బలవర్ధకమైన ఆహారం మాత్రమే. వీటిని సమకూర్చే ఉద్దేశంతో పలు క్రైస్తవ మిషన్లు ఉమ్మడిగా నెలకొల్పిన శానిటోరియం 1915 నుండి మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరంలో పనిచేసింది. 1948లో దేశంలో బి.సి.జి. టీకాల ప్రయోగాత్మక కార్యక్రమానికి ఎంపికైన కేంద్రాలలో మదనపల్లె ఒకటి.

ఈ ఆసుపత్రులలో పడకలు వందల్లోనూ, బాధితులు లక్షల్లోనూ ఉండేవారు. 1956లో మద్రాసులో ప్రారంభమైన ఒక పరిశోధన ఈ పరిస్థితిని మార్చివేసింది. పేద కుటుంబాలకు చెందిన రోగులలో కొందరిని శానిటోరియంలో చేర్చి, మరికొందరికి ఇంటి వద్దే ఉంచి, అవే మందులు ఇచ్చారు. ఇంటి వద్ద ఉన్నవారికి ఆహారం, విశ్రాంతి తక్కువైనప్పటికీ, వ్యాధి నయం కావడంలో చెప్పుకోదగ్గ తేడా లేదని 1959లో వెలువడిన ఫలితాలు తెలియజేశాయి. నాటి నుండి క్షయ చికిత్స ఆసుపత్రి నుండి ఇంటికి తరలింది. సాధారణ క్షయకు నేడు ఆరు నెలల పాటు ప్రతిదినం మందులు వాడవలసి ఉంటుంది. ఇవి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా లభిస్తాయి. హైదరాబాదులోని ఎర్రగడ్డ, విశాఖపట్నం ఛాతీ ఆసుపత్రుల వంటివి జటిలమైన కేసులను చూస్తున్నాయి.

అయితే మందు చాలునన్న భావనతో ఆహారం కొంతకాలం వెనుకబడిన మాట వాస్తవం. జార్ఖండ్‌లో నిర్వహించిన 'రేషన్స్' అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. రోగి కుటుంబ సభ్యులకు కూడా నెలనెలా ఆహార దినుసులు అందజేసినప్పుడు, వారిలో కొత్తగా క్షయ సోకడం 39 నుండి 48 శాతం వరకు తగ్గినట్లు అందులో తేలింది. చికిత్స మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన రోగులలో మరణాలు గణనీయంగా తక్కువగా ఉన్నాయి. కనుక బుట్ట ఎంత పెద్దదన్నది కాక, ఎప్పుడు చేరిందన్నది ముఖ్యం. నాలుగవ నెలలో సభ పెట్టి అందజేసే బుట్ట ఈ ప్రయోజనాన్ని చాలావరకు కోల్పోతుంది.

నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 ఏప్రిల్ నుండి నెలకు రూ.500 చొప్పున రోగి బ్యాంకు ఖాతాలో జమ చేసేవారు. 2024 నవంబర్ 1 నుండి ఈ మొత్తాన్ని రూ.1,000కి పెంచారు. ఇందులో రూ.3,000 వ్యాధి నిర్ధారణ కాగానే ముందుగా, మరో రూ.3,000 చికిత్సలో 84 రోజులు పూర్తయ్యాక చెల్లించాలన్నది నిబంధన. బ్యాంకు ఖాతా లేని వలస కూలీల విషయంలో క్షేత్రస్థాయి సిబ్బంది ప్రత్యేక శ్రద్ధ వహించాలి.

దాతల కోసం 2022 సెప్టెంబర్ 9న 'నిక్షయ్ మిత్ర' పథకం ప్రారంభమైంది. వ్యక్తులు, స్వచ్ఛంద సంస్థలు, సహకార సంఘాలు, పరిశ్రమలు, ప్రజాప్రతినిధులు రోగులను దత్తత తీసుకుని, బియ్యం, పప్పు, నూనె, పాలపొడి వంటివి అందజేయవచ్చు. దీని పరిధిని 2024లో రోగి కుటుంబ సభ్యులకూ విస్తరించారు.

ఈ సహాయానికి రోగి సమ్మతి తప్పనిసరి. పంపిణీ కార్యక్రమాలలో దాత పక్కన రోగిని నిలబెట్టి ఫోటో తీయడం పరిపాటి అయింది. పత్రికలో ఆ ఫోటో వచ్చిన మరునాడు ఒక యువతి పెళ్లి సంబంధం, ఒక కార్మికుడి ఉద్యోగం ప్రశ్నార్థకం కావచ్చు. ఆ భయంతో సాయాన్ని వద్దనుకునేవారూ ఉంటారు. బుట్టను ఆశా కార్యకర్త ద్వారా ఇంటికే పంపడం మేలు. రోగుల పేర్లు, ముఖాలు ప్రచురించవద్దని పాత్రికేయులను, వారి జాబితాలు బహిరంగపరచవద్దని అధికారులను కోరడమైనది.

పరీక్షలు, చికిత్స, ఆర్థిక సహాయం వివరాలకు ఉచిత సహాయ కేంద్రం నెం. 1800-11-6666.